‘కిందేదో కొట్టుకుంటోంది మేస్త్రీ’

మా షెడ్డుకి వచ్చేవాళ్లు తాళం నా చేతిలో పెడుతూ అనే మాట దాదాపు ఒకటే: ‘కిందేదో కొట్టుకుంటోంది మేస్త్రీ, కాస్త చూడు.’ ఎక్కడండీ అంటే ముందు ఎడమ చక్రం వైపు వేలు చూపిస్తారు. ఆ వేలిని నేను పెద్దగా నమ్మను. కారు బాడీ అంతా రేకు. కుడి చక్రం దగ్గర పుట్టిన చప్పుడు ఆ రేకు వెంట పాకి ఎడమ డోర్ దగ్గర వినిపిస్తుంది, వెనకాల పుట్టింది డ్రైవర్ సీటు కింద వినిపిస్తుంది. నాకు కావాల్సిన సంగతి వేరే. ఎప్పుడు వస్తోంది? గుంటలో పడితేనా, బ్రేకు తొక్కితేనా, స్టీరింగ్ తిప్పితేనా, పొద్దున్నే బండి బయటికి తీసినప్పుడా, వెనక సీట్లో ముగ్గురు ఎక్కితేనా? ఈ మాటకి సరిగ్గా జవాబు చెప్పగలిగినవాళ్ల బండికి సగం పని గేటు దగ్గరే అయిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న షెడ్డు. అంబాసిడర్ల కాలంలో గ్రీజు గన్ను పట్టుకుని ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. ఆ బండికి ముందు భాగంలో గ్రీజు నిపుల్స్ ఉండేవి. గన్ను పెట్టి కొత్త గ్రీజు కొట్టి, వెనక కమాన్ కట్టల (పట్టీల స్ప్రింగుల) మధ్య మట్టి కడిగి పంపిస్తే చాలా చప్పుళ్లు పోయేవి. ఇప్పటి కార్లలో ఆ నిపుల్స్ కనపడవు. బాల్ జాయింట్లు మూత బిగించేసి వస్తాయి, లోపల గ్రీజు ఎండిపోతే మార్చడమే. అందుకే ఇప్పుడు మెకానిక్ తప్పు పార్టు మారిస్తే ఆ ఖర్చు నేరుగా మీ జేబులోంచి పోతుంది. పాత రోజుల్లో తప్పు చోట గ్రీజు కొట్టినా పోయేది గ్రీజే.

కింద ఏమేం ఉంటాయో రెండు ముక్కల్లో చెబుతాను. చక్రం గుంటలో దిగాలి, మిట్ట ఎక్కాలి. లోపల కూర్చున్న మనకి ఆ సంగతి తెలియకూడదు. బరువు మోసేది స్ప్రింగు. నొక్కి వదిలిన స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఊపు చంపడానికి షాక్ అబ్జార్బర్ ఉంటుంది. దాని లోపల నూనె, నూనెలో సన్నటి బెజ్జాలున్న పిస్టన్. నూనె ఆ బెజ్జాల్లోంచి కష్టపడి దూరుతున్నకొద్దీ ఊపు తగ్గిపోతుంది. చక్రం ముందుకీ వెనక్కీ జరిగిపోకుండా పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. దానికి చక్రం వైపు బాల్ జాయింట్, బండి వైపు రబ్బరు బుష్‌లు. బండి మలుపులో ఒక పక్కకి ఒరిగిపోకుండా ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా వెళ్లే వంపు కడ్డీ స్టెబిలైజర్ బార్. ఆ బార్ చివర్లని చక్రాల వైపు కలిపే జానెడు ముక్కలు లింక్ రాడ్లు.

స్ప్రింగునీ షాకునీ ఒకే స్తంభంగా (స్ట్రట్) నిలబెట్టే ఏర్పాటు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరుది. 1950లో ఇంగ్లండులో ఫోర్డ్ వాళ్లు తెచ్చిన కాన్సల్ కారుకి ఆ స్ట్రట్ పెట్టారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక మన షెడ్లకీ అది రోజువారీ పనైంది. ఇవాళ మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాల మీద ఇదే. ఈ స్తంభం పైకొస బానెట్ కింద, అద్దానికి దగ్గరగా బాడీకి బిగించి ఉంటుంది. అందుకే పైన మౌంటింగ్ రబ్బరు పోతే ‘డ్యాష్‌బోర్డులో ఏదో ఊడింది’ అని వచ్చేవాళ్లుంటారు. డ్యాష్‌బోర్డు పాపం దేనికీ పోదు.

కిందకి దూరే ముందు నేను చేసే పని ఒకటుంది, వినడానికి చిన్నతనంగా ఉంటుంది. డిక్కీ తెరుస్తాను. జాకీ దాని చోటులో గట్టిగా ఉందా, స్టెప్నీ నట్టు బిగిసి ఉందా, పానాల సంచి వదులుగా ఉందా చూస్తాను. సీటు కింద నీళ్ల సీసాలు తీస్తాను. నంబరు ప్లేటు, చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనర్, సైలెన్సర్ మీది వేడి రేకు చేత్తో కొట్టి చూస్తాను. చక్రాల నట్లు పానా పెట్టి చూస్తాను. ఇది చప్పుడు కోసమే కాదు, ప్రాణం కోసం. సస్పెన్షన్ పోయిందని వచ్చి, డిక్కీలో జాకీ బిగించుకుని వెళ్లినవాళ్లు నా దగ్గర బోలెడుమంది.

ఆ తర్వాత ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు. ఆటోనగర్ లోపలి రోడ్లు లారీలు తొక్కి తొక్కి ఎలా ఉంటాయో చూసినవాళ్లకి తెలుసు. మాకు అంతకన్నా మంచి టెస్టింగ్ ట్రాకు లేదు. అక్కడి నుంచి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కితే శ్లాబుల మధ్య అతుకుల్ని రెండు చక్రాలూ ఒకేసారి దాటుతాయి. ఒకచోట ఒక చక్రమే దెబ్బ తింటుంది, ఇంకోచోట రెండూ కలిసి తింటాయి. ఈ తేడా మీద ఎంత తేలుతుందో ఒక మాస్టారి బండి కథ చెబితే మీకు అర్థమవుతుంది.

గుడివాడ వైపు నుంచి వచ్చారాయన, రిటైరైన లెక్కల మాస్టారు. బండి ముందు నుంచి టకటక. అప్పటికే ఇంకోచోట ముందు షాకులు రెండూ మార్పించేశారు. వేలల్లో బిల్లు కట్టారు. టకటక మాత్రం అలాగే ఉంది.

‘మాస్టారూ, స్పీడ్ బ్రేకర్ మీద వస్తోందా?’ అన్నాను.

‘అదే విచిత్రం నాయనా. ఎంత పెద్ద బ్రేకరైనా నోరెత్తదు. మా ఊరి రోడ్డు అంచున ట్రాక్టర్ల దమ్ము చక్రాలు చేసిన గాట్లు ఉన్నాయి. ఎదురొచ్చే బండికి దారి ఇద్దామని ఎడమ చక్రాలు వాటి మీదికి దింపానా, ఇక టకటకటక.’

లెక్కల మాస్టారు కదా, జవాబు ఆయనే చెప్పేశారు, అది జవాబని ఆయనకి తెలియదంతే. స్పీడ్ బ్రేకర్ని తిన్నగా దాటితే రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. అప్పుడు స్టెబిలైజర్ బార్ మెలి తిరగదు, తన రబ్బరు పట్టీల్లో దొర్లుతుందంతే. లింక్ రాడ్ల మీద బరువే పడదు. ఒక్క చక్రమే లేస్తే బార్ మెలి తిరుగుతుంది, లింక్ రాడ్ని లాగుతుంది, తోస్తుంది. లింక్ రాడ్ చివర గోలీ అంత బాల్ ఉంటుంది. అది అరిగి గూట్లో ఆడుతుంటే ప్రతి లాగుకీ ఒక టక్కు. షాకు దోషమైతే పెద్ద బ్రేకర్ మీద ఊరుకోదు.

షెడ్డు ముందున్న బ్రేకర్ని తిన్నగా దాటించాను. చప్పుడు లేదు. అదే బ్రేకర్ని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా నెమ్మదిగా దాటించాను. టక్, టక్. మాస్టారి మొహం వెలిగిపోయింది. లోపలికి తెచ్చి రెండు లింక్ రాడ్లూ విప్పి పక్కకి కట్టేసి, ఆవరణలోనే చుట్టూ తిప్పాం. నిశ్శబ్దం. (ఆ స్థితిలో బండిని మెయిన్ రోడ్డు ఎక్కించకూడదు, మలుపులో బాడీ ఎక్కువ ఒరుగుతుంది.) లింక్ రాడ్లు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. ‘మరి ఆ షాకులు?’ అన్నారాయన. పాత షాకులు తిరిగి ఇచ్చారా అని అడిగాను. లేదట. అవి నిజంగా పోయాయో లేదో ఇక తేలే దారి లేదు.

లింక్ రాడ్ విషయంలో కుర్ర మెకానిక్‌లు తరచూ పొరబడే చోటు ఒకటుంది. ఒక్క చక్రం జాకీ మీద లేపి, లింక్ రాడ్ని చేత్తో ఊపి, ‘గట్టిగానే ఉంది’ అనేస్తారు. ఒక్క చక్రం లేచి ఉన్నప్పుడు బార్ మెలితిరిగి ఆ రాడ్ని బిగబట్టి ఉంచుతుంది, అరిగిన బాల్ కూడా కదలదు. రెండు చక్రాలూ నేల మీద ఉండాలి, లేదా రెండూ గాల్లో ఉండాలి. అప్పుడు ఊపితే నిజం తెలుస్తుంది.

బ్రేకు తొక్కగానే ఒక్కటే టక్కు, మళ్లీ కదిలేటప్పుడు ఇంకొకటి వస్తోందంటే చూపు లోయర్ ఆర్మ్ మీదికి పోవాలి. బ్రేకు పడ్డప్పుడు బాడీ ముందుకి ఉరుకుతుంది, రోడ్డు చక్రాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడంతా లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల మీద పడుతుంది. మోకాలి చిప్పలో గుజ్జు అరిగినట్టు ఆ రబ్బరు చిరిగితే ఇనుము ఇనుముకి తగులుతుంది. షెడ్డులో దీన్ని తేల్చడం తేలిక: బండిని రెండు గజాలు ముందుకి, బ్రేకు, రెండు గజాలు వెనక్కి, బ్రేకు. ఒక కుర్రాణ్ణి పక్కన నిలబెట్టి చక్రాన్ని చూడమంటాను. బుష్ పోయిన చక్రం ఫెండర్ కింద ముందుకీ వెనక్కీ జరగడం కంటికే కనపడుతుంది. ఇక గతుకుల మీద గలగలమంటూ, బ్రేకు పెడలు మీద కాలు కాస్త ఆనించగానే ఆగిపోయే చప్పుడుంటే అది సస్పెన్షన్ కాదు. క్యాలిపర్‌లో బ్రేకు ప్యాడ్లు వదులుగా ఆడుతున్నాయి.

స్టీరింగ్ చప్పుళ్లకి బండి కదలనక్కర్లేదు. ఇంజన్ ఆన్ చేసి, నిలబడ్డ చోటే ఒకరు స్టీరింగ్ నెమ్మదిగా తిప్పుతుంటే నేను స్ట్రట్ పైకొస మీద చెయ్యి ఆనిస్తాను. పైన బేరింగు బాగుంటే స్ప్రింగు చక్రంతో పాటు సాఫీగా తిరుగుతుంది. బేరింగు పట్టేస్తే స్ప్రింగు మెలి తిరిగి తిరిగి, ఒక్కసారి ఠంగుమని జారుతుంది. చెయ్యి పెట్టినవాడికి ఆ అదురు జివ్వుమని తెలుస్తుంది. స్ప్రింగు చుట్ల మధ్య మాత్రం వేలు పెట్టకండి. బండి నడుస్తుండగా స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే కటకటకటమని, వేగం పెరిగినకొద్దీ కట్లు దగ్గరపడుతుంటే అది యాక్సిల్ చివరి సీవీ జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్మి ఉంటుంది, వంగి చూస్తే మీకే కనపడుతుంది. గతుకుల్లో తట్టు నేరుగా అరచేతుల్లోకి వస్తోందంటే స్టీరింగ్ రాకు, దాన్ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ల వైపు వెళ్తాం.

గుయ్యిమనే మోత ఈ కుటుంబంది కాదు, అయినా జనం దీన్నీ ‘షాకుల సౌండే’ అంటారు. అరవై దాటాక మొదలై వేగంతో పాటు పెరిగేది సాధారణంగా వీల్ బేరింగు గానీ టైరు గానీ. విడదీయడానికి నేను రెండు చూస్తాను. తారు రోడ్డు వదిలి సిమెంటు రోడ్డు మీదికి వెళ్లగానే మోత మారిపోతే అది టైరుది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కొద్దిగా కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగు మీద అనుమానం. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ రాస్తే గుంటలు గుంటలుగా తగులుతుంటే మాత్రం ఆ గుంటలు ఎందుకు పడ్డాయని అడగాలి. ఊపు చంపలేని షాకు మీద చక్రం ఎగిరెగిరి పడి టైరు అలా అరుగుతుంది. అక్కడ టైరు ఒక్కటే మారిస్తే కొత్తదీ అలాగే పోతుంది.

కిర్రు కిర్రు అనే చప్పుడు నాకు ఇష్టమైన కేసు, ఎందుకంటే దాన్ని పట్టుకోవడానికి చెంబెడు నీళ్లు చాలు. ఎండిన రబ్బరు ఇనుము మీద రాసుకుంటే కిర్రుమంటుంది, వాన పడ్డ రోజు ఊరుకుంటుంది. ఒకరు బానెట్ అంచు పట్టుకుని బండిని కిందికీ పైకీ ఊపుతుంటే నేను ఒక్కో బుష్ మీదా నీళ్లు పోస్తాను, ఒకటొకటిగా, మధ్యలో ఆగి వింటూ. ఏ బుష్ తడిసినప్పుడు నోరు మూతపడిందో దొంగ అదే. దాని మీద ఇంజన్ ఆయిలూ డీజిలూ పోసి పంపే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. ఆ పూటకి చప్పుడు ఆగుతుంది గానీ పెట్రోలియం నూనె తగిలిన మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. రాయాల్సి వస్తే సిలికాన్ గ్రీజు రాయమనండి.

ఇంతకీ అందరూ ముందుగా తిట్టే షాక్ అబ్జార్బర్ సంగతి. అది పోయినప్పుడు చప్పుడు కన్నా ముందు ఊపు తెలుస్తుంది. బ్రేకర్ దాటాక బండి ఒకసారి లేచి కుదురుకోవాలి. పడవలా ఊగుతూ పోతోందంటే లోపల పని అయిపోయింది. బానెట్ మీద బలంగా నొక్కి వదిలి చూసే పరీక్ష పూర్తిగా పాడైన షాకునే పట్టిస్తుంది, సగం పోయిన దాన్ని పట్టించదు. షాకు ఒంటి మీద సన్నటి నూనె తేమ ఉంటే భయపడనక్కర్లేదు. నూనె ధారగా కారి దాని మీద మట్టి పేరుకుంటే మార్చాలి. పెద్ద గుంటలో ధబ్బుమని ఒక్క దెబ్బ కొట్టి ఊరుకుంటే, షాకు అడుగుదాకా కుంగినప్పుడు దెబ్బ కాచే బంప్ స్టాపర్ రబ్బరు ముక్కలై ఉండొచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన కొలత ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకి 25 కిలోమీటర్ల వేగంలో దాటేలా ఉండాలి. మన వీధుల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసేసే గట్లకి ఆ కొలతతో చుట్టరికం లేదు. ఆ గట్ల మీద బంప్ స్టాపర్లు పగలకపోతేనే ఆశ్చర్యం.

కొత్త షాకులు వేసిన మర్నాడే చప్పుడు మొదలైందంటే చాలాసార్లు పైన నట్టు సరిగ్గా బిగించలేదని అర్థం. లేదా పాత మౌంటింగ్ రబ్బరే మళ్లీ వేసి ఉంటారు.

చక్రం లేపి చేసే పరీక్షలు మీకు తెలిస్తే మెకానిక్ ఏం చేస్తున్నాడో చూసి గుర్తుపట్టొచ్చు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా? ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపుతాం. ఆట ఆగిపోతే వీల్ బేరింగు. ఆగకపోతే బాల్ జాయింటు, దాన్ని టామీ రాడ్ పెట్టి ఎత్తి చూసి ఖాయం చేసుకుంటాం. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆడుతోందంటే టై రాడ్ ఎండో రాకో. ఇంట్లో ఎవరైనా ఇది చేయాలనుకుంటే జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకండి. గట్టి నేల, చక్రాలకి అడ్డం రాళ్లు, బాడీ కింద స్టాండ్లు, ఇవి లేకపోతే ఆ పని మానేయండి.

అన్ని చప్పుళ్లకీ ఒకే తొందర అక్కర్లేదు. లింక్ రాడ్ టకటకతో పండగ దాకా నడిపినా ప్రమాదం తక్కువ, చిరాకే ఎక్కువ. కిర్రుమనే బుష్ కూడా అంతే. బాల్ జాయింటు ఆడుతుంటే మాత్రం నేను తాళం తిరిగి ఇవ్వను. అది ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ మీ మాట వినదు. టై రాడ్ ఎండ్, ఆట వచ్చిన వీల్ బేరింగు, విరిగిన స్ప్రింగు కూడా ఇదే లెక్క. స్ప్రింగు అడుగు చుట్టు విరిగితే చాలామందికి తెలియదు, బండి ఆ మూల కాస్త కుంగినట్టుంటుందంతే. విరిగిన కొస టైరుకి తగిలే దాకా చప్పుడు కూడా ఉండకపోవచ్చు.

ఈ మధ్య కరెంటు కార్లవాళ్లు ఎక్కువగా వస్తున్నారు, ‘కొత్త బండి, అప్పుడే సౌండ్లు’ అంటూ. ఇంజన్ మోత లేదు కాబట్టి అంతకుముందు వినపడని చిన్న చిన్న టిక్కులు వాటిలో వినిపిస్తాయి. పైగా బ్యాటరీ బరువు వల్ల ఈ బుష్‌ల మీదా భారం పెరుగుతుంది. వినపడిందల్లా రోగం కాదని వాళ్లకి చెప్పి పంపడమూ మా పనిలో భాగమైంది.

మార్చేటప్పుడు అడగాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. షాకులు, స్ప్రింగులు రెండు పక్కలా జతగా వేయించండి. లోయర్ ఆర్మో టై రాడ్ ఎండో స్ట్రట్టో కదిపితే వీల్ అలైన్‌మెంట్ తప్పదు. అన్నిటికన్నా ఎక్కువ మంది వదిలేసేది, లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద బరువుతో ఉన్నప్పుడే జరగాలి. ఆ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పటికీ అలాగే మెలిపడి ఉండి, తొందరగా చిరుగుతుంది. కొత్త బుష్ ఇంత త్వరగా పోయిందేంటని పార్టు కంపెనీని తిట్టే ముందు బోల్టు ఎలా బిగించారో అడగండి.

ఈసారి చప్పుడు మొదలైతే షెడ్డుకి వెళ్లే ముందే గమనించండి: ఒక చక్రం పడితేనా, రెండూ పడితేనా, బ్రేకుతోనా, స్టీరింగుతోనా, తడి రోజు ఉందా, లేదా. పక్కనున్నవాళ్లని ఫోన్‌లో రికార్డు చేయమనండి. మెకానిక్‌ని మీ బండిలో ఎక్కించుకుని, ఆ చప్పుడు ఆయన చెవికి వినిపించిన తర్వాతే పానా పట్టనివ్వండి. మార్చిన పాత పార్టు చేతికి తీసుకుని, ఎక్కడ అరిగిందో చూపించమని అడిగాకే బిల్లు కట్టండి.